రవివర్మ చిత్రాలు, కావ్యచిత్రాల ముద్రిత ప్రతులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సమాధానాలు ఏ బొమ్మల గురించి?

రాజా రవివర్మ నూనె రంగుల చిత్రాలను, ఆయన ప్రెస్సులో అచ్చయిన పటాలను, పురాణాలకూ కావ్యాలకూ మన చిత్రకారులూ ఇతర దేశాలవారూ వేసిన బొమ్మలను ఇప్పుడు కాగితం మీదా కాన్వాసు మీదా కొత్తగా అచ్చు వేసి అమ్ముతున్నారు. వాటిని ఇంటికో, పాఠశాలకో, గ్రంథాలయానికో తీసుకోవాలనుకునేవారికి వచ్చే సందేహాలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. ముద్రిత ప్రతిని కొనుక్కోవడంలో చిన్నతనం ఏమీ లేదని నా గట్టి నమ్మకం. అయితే అది ఏ చిత్రానికి ప్రతి, దాన్ని ఎవరు వేశారు, ఏ రంగులతో ఎంత పరిమాణంలో వేశారు అనే సంగతులు అమ్మేవారు చెప్పాలి, కొనేవారు అడిగి తెలుసుకోవాలి.

రవివర్మ బొమ్మలు సామాన్యుల ఇళ్లలోకి ఎలా వచ్చాయి?

1848లో తిరువాన్కూరు సంస్థానంలోని కిళిమానూరులో పుట్టిన రవివర్మ వేసిన చిత్రాలు చాలాకాలం రాజుల, జమీందారుల గోడల మీదే ఉండేవి. తిరువాన్కూరుకూ తర్వాత బరోడాకూ దివానుగా పనిచేసిన సర్ టి. మాధవరావు, ఈ చిత్రాలు కావాలని ఎందరో అడుగుతున్నారనీ, ఒక్క మనిషి అందరికీ వేసివ్వడం అయ్యే పని కాదనీ, కొన్నిటిని ఎంచి ఐరోపాకు పంపి అచ్చు వేయిస్తే బాగుంటుందనీ రవివర్మకు ఉత్తరం రాశారు. ఆ ఆలోచన 1894లో బొంబాయిలో సొంత ప్రెస్సు పెట్టడం దాకా వెళ్లింది. అందులో తమ్ముడు రాజరాజవర్మ ఆయనకు తోడుగా నిలిచారు. యంత్రాలూ పని తెలిసినవారూ జర్మనీ నుంచి వచ్చారు. ప్రెస్సు 1899లో లోణావలా దగ్గరి మళవలీకి మారింది. అప్పుల బరువు తట్టుకోలేక 1901లో దాన్ని ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మన్ నిపుణుడికి అమ్మేశారు. 1906లో రవివర్మ కన్నుమూశాక కూడా అక్కడ పటాల అచ్చు దశాబ్దాల పాటు సాగింది. 1972లో జరిగిన అగ్నిప్రమాదంలో ప్రెస్సు కాలిపోయింది.

అక్కడి అచ్చు రాతి మీద జరిగేది. నునుపుగా అరగదీసిన సున్నపురాతి పలక మీద జిడ్డు సిరాతో బొమ్మ గీస్తారు. రాయిని నీటితో తడిపితే గీసిన చోట మాత్రమే సిరా అంటుకుంటుంది, మిగతా చోట అంటదు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి కావాలి. కాబట్టి పసుపు అచ్చు వేసిన కాగితం మీదే ఎరుపు, దాని మీద నీలం, ఆపైన ఇంకా అనేక రంగులు వెంట్రుకవాసి పక్కకు జరగకుండా పడాలి. చివర వార్నిషు పూసి, కొన్నిటి మీద కాన్వాసు నేత కనిపించేలా అచ్చు ఒత్తేవారు. వీటినే ఒలియోగ్రాఫులు అంటారు. అంటే నూనె చిత్రాన్ని చూసి రాతి మీద మళ్లీ గీసింది ప్రెస్సులోని కళాకారులు. వారి చేతి నేర్పు ప్రతి పటంలోనూ ఉంది, కానీ వారిలో చాలామంది పేర్లు పటాల మీద కనిపించవు.

అలాగైతే ప్రతి వేయించుకునేటప్పుడు నూనె చిత్రాన్ని ఎంచుకోవాలా, ప్రెస్సు పటాన్నా?

రెండూ వేరు వేరు వస్తువులని ముందు గ్రహించాలి. నూనె చిత్రంలో చర్మపు ఛాయ, పట్టుచీర మడతల్లోని వెలుగు, వెనక చీకటి ఒకదానిలోంచి ఒకటి మెల్లగా పుట్టుకొస్తాయి. ప్రెస్సు పటంలో అదే బొమ్మ గీతలు తేరి, రంగులు ముదిరి, ఆభరణాలు మరింత స్పష్టంగా కనిపిస్తాయి. పూజగదిలో తరతరాలుగా చూసిన లక్ష్మీ సరస్వతుల రూపం కావాలంటే ప్రెస్సు పటం ప్రతినే తీసుకోండి, ఎందుకంటే మన కళ్లు అలవాటు పడింది దానికే. శకుంతల, దమయంతి వంటి చిత్రాల విషయంలో మాత్రం నూనె చిత్రం ఛాయాచిత్రం నుంచి నేరుగా వేసిన ప్రతి మంచిదని నా అభిప్రాయం. ఆ ముఖాల్లోని భావం రాతి మీదికి వెళ్లేసరికి కొంత బిగుసుకుపోతుంది. అమ్మేవారు ఈ రెండిటిలో ఏదో చెప్పకుండా "రవివర్మ చిత్రం" అని మాత్రమే రాస్తే, అడగకుండా డబ్బు కట్టకండి.

మా ఇంట్లో తాతలనాటి పటం ఒకటి ఉంది. అది రవివర్మ ప్రెస్సులో అచ్చయినదో కాదో ఎలా తెలుస్తుంది?

మొదట అడుగు అంచు చూడండి. బొమ్మ కింద సన్నని ఇంగ్లీషు అక్షరాల్లో ప్రెస్సు పేరు, బొమ్మ పేరు, కొన్నిటి మీద వరుస సంఖ్య ఉంటాయి. బొంబాయి పేరు ఉంటే తొలినాటిది కావచ్చు. కార్లా, లోణావలా, మళవలీ పేర్లు ఉంటే ప్రెస్సు మారిన తర్వాతిది. పటం కట్టేవారు ఫ్రేములో పట్టేందుకు ఆ అంచును కత్తిరించేయడం మామూలుగా జరిగింది కాబట్టి, పేరు లేనంత మాత్రాన నకిలీ అని తేల్చకూడదు. ఎక్కువగా దొరికే పరిమాణం సుమారు 20 అంగుళాల పొడవు, 14 అంగుళాల వెడల్పు.

తర్వాత పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం తీసుకుని, పగటి వెలుగులో బుగ్గ దగ్గరో భుజం దగ్గరో చూడండి. రాతి అచ్చులో చుక్కలు చేత్తో పెట్టినవి కాబట్టి ఒకే వరుసలో ఉండవు. చిన్నా పెద్దా కలిసి, నీడ ఉన్నచోట దట్టంగా, వెలుగు ఉన్నచోట పలుచగా చల్లినట్టు ఉంటాయి. గాజుల అంచునో చీర కొంగు చివరనో ఒక రంగు కొద్దిగా పక్కకు జరిగి సన్నని పసుపు గీతలా కనిపించవచ్చు. లోహపు పలకలతో యంత్రం మీద వేసే ఆఫ్‌సెట్ అచ్చులో నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు సమాన దూరంలో వరుసలు తీరి, చిన్న చిన్న పూల వలయాల్లా అమరి ఉంటాయి. అలా కనిపిస్తే అది తర్వాతి కాలపు అచ్చే. ఇప్పటి ఇంక్‌జెట్ అచ్చులో చుక్కలు దుమ్ము చల్లినంత సన్నగా ఉంటాయి.

కొన్ని పటాల్లో చీరల మీద నిజమైన జరీ, చమ్కీలు, గుడ్డముక్కలు అంటించి ఉంటాయి. దేవతకు చీర కట్టినంత శ్రద్ధగా ఎవరో కూర్చుని చేసిన పని అది. దయచేసి వాటిని ఊడదీయకండి. మ్యూజియములూ సేకర్తలూ అలాంటి పటాలను ప్రత్యేకంగా భద్రపరుస్తున్నారు.

దీపం పట్టుకుని నిలబడిన స్త్రీ చిత్రం రవివర్మదేనా?

కాదు. మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో ఉన్న ఆ ప్రసిద్ధ చిత్రాన్ని వేసినవారు ఎస్. ఎల్. హల్దంకర్. అది నీటి రంగుల చిత్రం. రవివర్మ మరణించి నలభై ఏళ్లు కావస్తున్న సమయంలో వేసినది. చీకటిలో దీపాన్ని అరచేత్తో కాపాడుకుంటున్న ఆమె వేళ్ల సందుల్లోంచి ఎర్రగా కాంతి కనిపించే ఆ నేర్పును నీటి రంగులతో సాధించడం ఎంత కష్టమో ఆ రంగులు వాడినవారికి తెలుసు. ఇంత పనిచేసిన మనిషి పేరు తీసేసి వేరొకరి పేరు పెట్టి అమ్మడం అన్యాయం. మీ దగ్గర ఆ పటం ఉంటే, వెనక హల్దంకర్ పేరు రాసి పెట్టండి.

శకుంతల, దమయంతి చిత్రాలు ఏ కావ్యాల్లోవి?

చెట్ల మధ్య చెలికత్తెలతో నిలబడి, కాలికి గుచ్చుకున్న ముల్లు తీసుకుంటున్నట్టు నటిస్తూ వెనక్కి చూస్తున్న శకుంతల బొమ్మను భారతంలోని ఘట్టం అని చాలామంది అనుకుంటారు. నన్నయ ఆదిపర్వంలో చెప్పిన శకుంతలోపాఖ్యానంలో ఈ చెలికత్తెలూ లేరు, ఈ ముల్లూ లేదు. అవి కాళిదాసు నాటకంలోవి. అక్కడ దర్భమొన గుచ్చుకుందనే నెపంతో ఆమె ఆగుతుంది. ఆ క్షణాన్ని రవివర్మ పట్టుకున్న తీరు చూడండి: పైకెత్తిన పాదం, సఖి మీద ఆనించిన చెయ్యి, చెట్ల వైపు తిరిగిన ముఖం. దుష్యంతుడు బొమ్మలో లేడు. అయినా అతడు ఎటు వెళ్లాడో ఆమె చూపు చెబుతుంది. తామరాకు మీద లేఖ రాస్తున్న శకుంతల చిత్రం కూడా ఆ నాటకంలోని మూడో అంకానికి చెందినదే. మోనియర్ విలియమ్స్ చేసిన శాకుంతలం ఇంగ్లీషు అనువాదానికి దాన్ని ముఖచిత్రంగా వాడారు. రవివర్మ చిత్రం సాహిత్య గ్రంథంలో చేరిన తొలి సందర్భాల్లో అది ఒకటి.

హంస దమయంతి 1899 నాటి చిత్రం. ఎర్రని చీరలో నిలబడిన దమయంతి ఎదుట హంస నలుడి సంగతి చెబుతోంది. ఈ కథ మనకు భారతం అరణ్యపర్వంలోనూ, శ్రీనాథుడి శృంగార నైషధంలోనూ ఉంది. పాఠశాలలో గోడకు ఈ చిత్రం పెట్టేవారు పక్కనే శృంగార నైషధంలోని హంస మాటల పద్యం ఒకటి రాసిపెడితే, బొమ్మకూ పద్యానికీ చుట్టరికం పిల్లలకు వెంటనే తెలుస్తుంది. ఇలా కావ్యంతో జతచేసి చూపించడమే ఈ చిత్రాల ప్రతులకు అన్నిటికంటే మంచి ఉపయోగమని నేను అనుకుంటాను.

తెలుగు చిత్రకారుల బొమ్మల ప్రతులు దొరుకుతాయా?

దొరికేవి ఉన్నాయి, కానీ ఇక్కడ కాపీరైటు విషయం తెలుసుకోవాలి. మన దేశపు 1957 చట్టం ప్రకారం చిత్రకారుడు బతికి ఉన్నంత కాలమూ, ఆయన మరణించిన మరుసటి సంవత్సరం ఆరంభం నుంచి లెక్కిస్తే 60 ఏళ్లూ ఆ హక్కు ఉంటుంది.

రాజమహేంద్రవరానికి చెందిన దామెర్ల రామారావు 1925లో మసూచి వల్ల 27 ఏళ్ల వయసులోనే మరణించారు. ఆయన బొమ్మలకు కాపీరైటు కాలం ఏనాడో ముగిసింది. అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వల్డ్ కూల్డ్రే ఆయన ప్రతిభను గుర్తించి బొంబాయిలోని జె.జె. చిత్రకళా పాఠశాలకు పంపించారు. సన్నని, తేలికైన గీతలతో, పలుచని రంగులతో ఆయన తీర్చిన పుష్పాలంకరణ, సిద్ధార్థ రాగోదయం వంటి చిత్రాలు రాజమహేంద్రవరంలోని ఆయన స్మారక చిత్రకళా మందిరంలో ఉన్నాయి. ఇంత గొప్ప చిత్రాల మంచి ప్రతులు తెలుగు ఇళ్లలో అరుదుగా కనబడటం నాకు బాధగా ఉంటుంది. రవివర్మ పటానికి వెచ్చించే డబ్బుతోనే రామారావు చిత్రం కూడా వేయించుకోవచ్చు. అందుకు పనికొచ్చే స్థాయి ఛాయాచిత్రం దొరకాలి, అంతే.

వడ్డాది పాపయ్య (వపా) 1992లో, బాపు 2014లో మరణించారు. కాబట్టి వపా చిత్రాలకు 2052 చివరి దాకా, బాపు చిత్రాలకు 2074 చివరి దాకా హక్కులు ఉంటాయి. చందమామ, యువ, స్వాతి వంటి పత్రికల కోసం వేసిన బొమ్మల హక్కులు కొన్ని కుటుంబానివి, కొన్ని ప్రచురణకర్తలవి కావచ్చు. పాత చందమామ అట్టను స్కాన్ చేసి పెద్దగా అచ్చు వేసి అమ్మేవారు ఈ అనుమతి సంగతి ఎత్తరు. అనుమతి తీసుకున్నట్టు రాతలో చూపగలిగినవారి దగ్గరే కొనండి. తమ బొమ్మలతో మన బాల్యాన్ని నింపినవారి కుటుంబాలకు మనం చెల్లించాల్సిన కనీస మర్యాద అది.

ఒకే పుస్తకంలోని బొమ్మలకు కూడా వేరు వేరు గడువులు ఉండవచ్చు. సోదరి నివేదిత, ఆనంద కుమారస్వామి రాసిన పురాణగాథల పుస్తకం 1913లో వచ్చింది. అందులో అవనీంద్రనాథ ఠాకూర్ వేసిన బొమ్మల మీద హక్కు ముగిసింది, ఎందుకంటే ఆయన 1951లో మరణించారు. 1966లో మరణించిన నందలాల్ బోస్ బొమ్మలకు ఆ హక్కు 2026 డిసెంబరు 31 దాకా ఉంటుంది.

ఇతర దేశాల పుస్తకాల బొమ్మలు బాగా అచ్చవుతాయా?

నలుపు తెలుపు గీతల బొమ్మలు అన్నిటికంటే బాగా వస్తాయి. ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’ అనే ఇంగ్లీషు పిల్లల కథకు జాన్ టెనియల్ వేసిన 42 బొమ్మలను డాల్జియల్ సోదరులు చెక్క మీద చెక్కారు. 1865లో మొదటి అచ్చు తనకు నచ్చలేదని టెనియల్ అభ్యంతరం చెప్పడంతో ఆ ప్రతులను ఉపసంహరించి మళ్లీ అచ్చు వేశారు. ఇటలీ కవి డాంటే కావ్యంలోని నరక కాండకు గుస్తావ్ డోరే 1861లో వేసిన బొమ్మల్లో గీతలు ఎంతో దగ్గరగా ఉంటాయి. మోటు కాగితం మీద వేస్తే అవి కలిసిపోయి నల్లని మచ్చ అవుతాయి. నునుపైన కాగితమే అడగండి.

మొఘల్, రాజస్థానీ సూక్ష్మచిత్రాలను గోడంత పెద్దగా వేయించవచ్చా?

వేయించగలరు, వేయించవద్దని నా సలహా. మేవాడ్ రాణా జగత్‌సింగ్ కోసం 1649 నుంచి 1653 దాకా తయారైన రామాయణ ప్రతిలోని చిత్రాలైనా, అక్బరు కాలంలో భారతాన్ని పారశీకంలోకి మార్చిన రజ్మ్‌నామాలోని చిత్రాలైనా ఒడిలో పెట్టుకుని దగ్గరగా చూడటానికి వేసినవి. ఒకే పుటలో ఒకే పాత్ర రెండు మూడు చోట్ల కనబడి కథ నడుస్తుంది. దాన్ని వేలితో వెంబడిస్తూ చదవాలి. అసలు పరిమాణంలోనే వేయించి, చదువుకునే బల్ల దగ్గర, కంటి ఎత్తున పెట్టుకోండి.

ఫైలు ఎంత పెద్దది ఉండాలి?

కంప్యూటరు బొమ్మలోని చిన్న చిన్న రంగు చుక్కలను పిక్సెళ్లు అంటారు. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన ఏ3 కాగితానికి 3508 × 4961 పిక్సెళ్లు, ఏ2 కాగితానికి 4961 × 7016 పిక్సెళ్లు కావాలి. దూరం నుంచి చూసే పెద్ద పటానికి అంగుళానికి 200 ఉన్నా సరిపోతుంది. వాట్సాప్‌లో వచ్చిన 1000 × 1500 పిక్సెళ్ల బొమ్మ 300 లెక్కన చూస్తే మూడున్నర అంగుళాల వెడల్పుకు కూడా చాలదు. సాఫ్ట్‌వేర్‌తో పెంచితే పిక్సెళ్లు పెరుగుతాయి, కానీ చిత్రకారుడి కుంచెజాడ దాంట్లోకి రాదు. ఈ మధ్య కృత్రిమ మేధతో పెంచిన ప్రతుల్లో కళ్లు, వేళ్లు, నగల చెక్కడం మారిపోతున్నాయి. అసలు చిత్రంలో లేని ముత్యం హారంలో చేరితే అది ఆ చిత్రానికి ప్రతి కాదు.

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి, తన దగ్గర ఉన్న, హక్కులు ముగిసిన చిత్రాల ఫైళ్లను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ఇస్తోంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలోనూ అలాంటి ఏర్పాటు ఉంది. మన మ్యూజియముల ఫైళ్లకు షరతులు వేరుగా ఉంటాయి, ఆయా సంస్థలను అడిగి తీసుకోవాలి.

కాగితం మంచిదా, కాన్వాసు మంచిదా?

నూనె చిత్రానికి కాన్వాసు బాగుంటుంది. నీటి రంగుల చిత్రానికీ, పుస్తక చిత్రానికీ, ప్రెస్సు పటానికీ కాగితమే తగినది. ఆమ్లం లేని నూలు కాగితం మీద పిగ్మెంటు సిరాతో (సన్నని రంగుపొడి కలిపినది) వేస్తే చాలా ఏళ్లు నిలుస్తుంది. డై సిరాతో (కరిగే రంగుతో చేసినది) వేసినది ఎండ తగిలే గోడ మీద కొద్ది ఏళ్లలోనే వెలిసిపోతుంది, ముందుగా పోయేది సాధారణంగా ఎరుపూ గులాబీ ఛాయలే. రవివర్మ చిత్రంలో అవి పోతే మిగిలేది నీలి నీడ మాత్రమే. అందుకే ధర కంటే ముందు సిరా పేరు అడగండి.

పటం కట్టించేటప్పుడు ఏం జాగ్రత్త తీసుకోవాలి?

అద్దం బొమ్మకు నేరుగా తగలకూడదు. వానాకాలంలో లోపల చెమ్మ చేరితే సిరా అద్దానికి అంటుకుపోతుంది. మధ్యలో ఆమ్లం లేని మౌంటు అట్ట ఉంచమని చెప్పండి. వెనక మామూలు అట్ట పెట్టి, గోధుమరంగు టేపు అంటించి ఇస్తామంటే ఒప్పుకోకండి. ఆ అట్ట కొన్నేళ్లకు కాగితాన్ని పసుపుపచ్చగా మారుస్తుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్లలో పటానికీ గోడకూ మధ్య గాలి ఆడేలా వెనక నాలుగు మూలలా చిన్న బిరడాలు అంటించాలి. వంటింటి గోడకూ, ఎదురెండ పడే గోడకూ వేలాడదీయకండి.

పాత ఒలియోగ్రాఫ్ అయితే సొంతంగా తుడవకండి. తడిగుడ్డ తగిలితే వార్నిషు తెల్లబారుతుంది. అద్దానికి అంటుకుపోయిన పటాన్ని లాగకుండా కాగితపు వస్తువులు బాగుచేసే నిపుణులకు అప్పగించండి.

అమెరికాలో ఉన్న పిల్లలకు పంపవచ్చా?

కొత్త ప్రతులకు ఏ ఆటంకమూ లేదు. కాన్వాసును రంగు బయటికి ఉండేలా చుట్టి గట్టి గొట్టంలో పెట్టి పంపి, అక్కడే పటం కట్టించుకోమనండి. రవివర్మ అసలు చిత్రాలు 1979 నుంచి జాతీయ కళాసంపద కాబట్టి వాటిని దేశం దాటించడం నిషిద్ధం. నూరేళ్లు దాటిన పాత ఒలియోగ్రాఫులు పురావస్తువుల నిర్వచనంలోకి రావచ్చు. అలాంటివి పెట్టెలో పెట్టుకునే ముందు భారత పురావస్తు సర్వేక్షణ శాఖ కార్యాలయంలో చూపించి, అవసరమైన ధ్రువపత్రం తీసుకోండి.

అసలు చిత్రాలు ఎక్కడ చూడవచ్చు?

హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో రవివర్మ నూనె చిత్రాలు ఉన్నాయి. చెన్నై ఎగ్మోరులోని ప్రభుత్వ మ్యూజియం, మైసూరు జగన్మోహన ప్యాలెస్, తిరువనంతపురంలోని రాజా రవివర్మ ఆర్ట్ గ్యాలరీ, బరోడాలోని లక్ష్మీ విలాస్ ప్యాలెస్, మహారాజా ఫతేసింగ్ మ్యూజియం కూడా చూడదగినవి. వీలైతే ప్రతి కొనకముందే వెళ్లండి. చిత్రం ముందు రెండడుగుల దూరంలో నిలబడి నగల మీది వెలుగును, తర్వాత పదడుగులు వెనక్కి వచ్చి ముఖాన్ని చూడండి. చిత్రం కింద పలక మీద ఉన్న పేరు, సంవత్సరం, కొలతలు రాసుకోండి, అచ్చు వేసేవారికి ఇవ్వడానికి పనికొస్తాయి. గ్యాలరీల్లో మరమ్మతులు జరిగేటప్పుడు చిత్రాలను మార్చి పెడుతుంటారు కాబట్టి, ప్రత్యేకంగా ఒక చిత్రం కోసమే వెళ్లేవారు ముందుగా ఫోను చేసి అది ప్రదర్శనలో ఉందో లేదో కనుక్కోవాలి.